గోపాల్‌పూర్ ప్రయాణం: కొంత అనుభవం, కొంత లెక్క

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయనగానే మన యిళ్ళల్లో వినిపించే మొదటి మాట "ఈసారి యెక్కడికైనా వెడదాం" అనేది. రెండవ మాట "యెంత అవుతుందో" అనేది. మొదటి మాట పిల్లలది, రెండవది యింటి లెక్కలు చూచేవారిది. ఈ రెండింటికీ రాజీ కుదర్చలేక చాలా సంవత్సరాలు మేము యింట్లోనే అరిసెలు తిని సెలవులు గడిపాము. తీరా బయలుదేరిన తరువాత ఒకసారి చెడగొట్టుకొని, రెండవసారి బాగు చేసుకొన్నాము. ఆ రెండు ప్రయాణాల సంగతీ చెబితే, సముద్రపు ఒడ్డు వూళ్ళు చూడాలని అనుకొనే మన కుటుంబాల వారికి కొంత ఖర్చూ, కొంత ఆయాసమూ తప్పుతాయని యీ నాలుగు మాటలూ వ్రాస్తున్నాము.

మేము కటకంలో స్థిరపడి మూడు తరాలయింది. ఇక్కడి నుంచి సముద్రం చూడాలంటే అందరూ పూరీకే పోతారు. మాకు మాత్రం గోపాల్‌పూర్ చూడాలని వుండేది. దానికి కారణం మా మేనత్తగారు.

మా తాతగారిది ఇచ్ఛాపురం దగ్గర ఒక పల్లె. ఆ రోజుల్లో ఆ చుట్టుపట్ల పొలం లేనివారికీ, అప్పు తీరనివారికీ ఒకటే దారి, రంగం పోవడం. రంగూన్‌ను మన పల్లెల్లో రంగం అనేవారు. గోపాల్‌పూర్, కళింగపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి వేలమంది తెలుగువాళ్ళు ఓడలెక్కి బర్మా వెళ్ళి మిల్లుల్లోనూ, రేవుల్లోనూ కూలి చేశారు. యానాం పక్కనున్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు గనుక బర్మావారు తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. యానాంలోని మన చదువరులకు యీ సంగతి కొత్త కాదు. మా తాతగారు 1940 చివర గోపాల్‌పూర్‌లో ఓడ యెక్కారు. అప్పటికి మా మేనత్త యింకా తల్లి కడుపులో వున్నది. 1941 డిసెంబరులో జపానువారు రంగూన్ మీద బాంబులు వేశారు. 1942లో లక్షలాది భారతీయులు అడవులు పట్టి నడిచి తిరిగివచ్చారు. వారిలో మా తాతగారొకరు. వచ్చాక పాతికేళ్ళకు పైగా బ్రతికారు గాని మళ్ళీ సముద్రం ముఖం చూడలేదు. కూతురితో మాత్రం, "గోపాల్‌పూర్ ఒడ్డున మూడు రోజులు యిసుకలో కూర్చున్నామే, ఓడ కోసం. నీకొకసారి చూపిస్తాను" అనేవారట. చూపించకుండానే పోయారు. అత్తయ్యకు యెనభై దాటాయి. ఆమె జీవితంలో అడిగిన కోరికలు తక్కువ. అందులో యిదొకటి.

ఇంత చిన్న కోరికను మేము మొదటిసారి యెట్లా పాడు చేశామో వినండి.

2023 జనవరిలో ఆరుగురం బయలుదేరాము. మేమిద్దరం, అత్తయ్య, మా తమ్ముడు, యిద్దరు పిల్లలు. నెల రోజుల ముందు నుంచీ కాగితం మీద పథకం వేశాము. "ఎలాగూ అంత దూరం వెడుతున్నాం గదా" అనే మాట ఒకటి వున్నది చూశారూ, అదే మా కొంప ముంచింది. ఎలాగూ వెడుతున్నాం గదా అని చిలక సరస్సు చేర్చాము. ఎలాగూ ఆ దారే గదా అని ఋషికుల్య సంగమం దగ్గర తాబేళ్ళను చేర్చాము. ఎలాగూ ఆంధ్రదేశం పొలిమేర గదా అని బారువను చేర్చాము. గోపాల్‌పూర్ మధ్యలో యెక్కడో యిరుక్కుపోయింది. రెండు పగళ్ళు, ఒక రాత్రి, నాలుగు చోట్లు. కాగితం మీద యెంతో ముచ్చటగా వున్నది.

బాలుగావ్‌లో దిగేసరికే రైలు గంట ఆలస్యం. బర్కుల్‌లో కాళీజాయి దీవికి పడవ కోసం వరుసలో గంటన్నర. డాల్ఫిన్లు యేవీ అని పిల్లలు అడిగితే పడవవాడు నవ్వి, అవి పూరీ వైపు సాతపడా దగ్గర కనబడతాయన్నాడు. చిలక వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా వున్న సరస్సు. ఒక మూల వున్నది మరొక మూల కనబడదని మాకు అప్పుడు తెలిసింది. అక్కడి నుంచి అద్దెకారులో ఋషికుల్య సంగమానికి చేరేసరికి పొద్దు వాలింది. ఒడ్డున వల బాగు చేసుకొంటున్న జాలరి ఒకాయన, "తాబేళ్ళా? ఇప్పుడేటి బాబూ, యింకా నెల దాటాలి" అన్నాడు. రాత్రి తొమ్మిదింటికి బరంపురంలో గది దొరికింది. మరునాడు పిల్లలు లేవడం ఆలస్యం. ముందు దూరాన వున్న బారువ చూచుకొని తిరుగుదారిలో గోపాల్‌పూర్ చూడవచ్చునని డ్రైవరు అన్నాడు. మాకూ సబబుగానే తోచింది. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే ఆ బారువ ఒడ్డు చాలా అందమైనదే. కాని అక్కడ గడియారం చూచుకోవడంతోనే సరిపోయింది. గోపాల్‌పూర్ చేరేసరికి సాయంత్రం యేడు గంటలు. చీకటి. మరి రెండున్నర గంటల్లో రైలు. అత్తయ్య యిసుకలో నడవలేదు. కారు తలుపు తీసి పెట్టి యిరవై నిమిషాలు కూర్చోబెట్టాము. కెరటాల చప్పుడు మాత్రం వినబడుతున్నది. "కనబడుతోందా అత్తయ్యా?" అంటే, "వినబడుతోంది లే నాయనా. చాలు" అన్నది.

ఆ ప్రయాణానికి దాదాపు 23,000 రూపాయలు అయింది. అందులో సగానికి దగ్గరగా అద్దెకారుకే పోయింది. డబ్బు సంగతి అట్లా వుంచి, ఆ "చాలు" అన్న మాట మమ్మల్ని రెండేళ్ళు పీడించింది.

రెండవసారి 2025 జనవరిలో వెళ్ళాము. ఈసారి కాగితం మీద వ్రాయడం తక్కువ, కొట్టివేయడం యెక్కువ. అప్పుడు మేము పెట్టుకొన్న నియమాలు మూడు. మొదటిది, ఒక ప్రయాణానికి ఒకే వూరు. యెవరి కోసం, దేని కోసం వెడుతున్నామో ఆ వూరు. రెండవది, ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవారి నడకనుబట్టి రోజు లెక్క వేసుకోవడం. మూడవది, రోజుకు ఒక పూట ఖాళీగా వదలడం. రైలు ఆలస్యమైనా, పిల్లలు మొండికేసినా, వాన కురిసినా ఆ ఖాళీ పూట భరిస్తుంది. ఖాళీ పూట లేని పథకం మెతుకు జారే సందులేని విస్తరి వంటిది. వడ్డించటానికి బాగుంటుంది, తినటానికి కుదరదు.

చిలకను కొట్టేశాము. తాబేళ్ళను కొట్టేశాము. పిల్లలు కొంచెం అలిగారు. తాబేళ్ళ సంగతి యిక్కడ చెప్పాలి. చాలామంది వాటి మీద ఆశపెట్టుకొని డబ్బు పోగొట్టుకొంటున్నారు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ అనే జాతి తాబేళ్ళు ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్ని రాత్రుల్లోనే లక్షల సంఖ్యలో ఒడ్డుకు వచ్చి, యిసుక తవ్వి, ఒక్కొక్కటి నూరు గుడ్లకు పైగా పెట్టి తెల్లవారేసరికి వెళ్ళిపోతాయి. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. 2024లో ఆ విధంగా గుంపుగా రానేలేదు. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ లక్షలుగా వచ్చాయి. అవి యే తేదీన వస్తాయో యెవరూ చెప్పలేరు. గాలి మారితే వస్తాయని జాలరులు అంటారు. కనుక వాటి కోసం ముందుగా టిక్కెట్లు కొనుక్కొని దూరం నుంచి రావడం తెలివైన పని కాదు. దగ్గరలో బంధువులున్నవారు, కబురు అందగానే బయలుదేరగలవారు చూడవచ్చు. చూడటానికి పోయినవారు దీపాలు వెయ్యకూడదు. నెలన్నర తరువాత గుడ్లలోంచి వచ్చే పిల్లలు సముద్రం మీది వెలుతురును పట్టుకొని నీటి వైపు పోతాయి. ఒడ్డున దీపం కనబడితే దారి తప్పి యిటు వచ్చి చస్తాయి.

ఇక కాలం సంగతి. మన యిళ్ళల్లో పెద్ద సెలవులు రెండు, దసరా, సంక్రాంతి. దసరాకు సముద్రపు ఒడ్డు పెట్టుకోవద్దని మా సలహా. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. మూడు తుపానులూ ఆ రెండు తేదీల్లోనే రావడం చూస్తే, ఆ రోజుల్లో గదికి బయానా కట్టేవారు ఒకసారి ఆలోచించుకోవడం మంచిది. డిసెంబరు ఆఖరి వారం వాతావరణం బాగానే వుంటుంది గాని జనం విపరీతం, గదుల అద్దెలు రెట్టింపు. సంక్రాంతి వెళ్ళిన మరునాటి నుంచి జనవరి నెలాఖరు దాకా గదులు సుళువుగా దొరుకుతాయి. ఎండ తీక్షణంగా వుండదు. పొద్దున్నే ముసలివారికి శాలువా ఒకటి చాలు.

దూరం నుంచి వచ్చేవారు బరంపురం స్టేషనులో దిగాలి. టిక్కెట్టు మీద ఆ పేరు వెదికితే దొరకదు. స్టేషను పేరు బ్రహ్మపూర్. బెంగాలులో ముర్షిదాబాదు జిల్లాలో యింకొక బహరంపూర్ వున్నది. దానికి టిక్కెట్టు తీసుకొనకుండా జాగ్రత్త పడండి. ఇది హౌరా, చెన్నై ప్రధాన మార్గం మీద వున్న స్టేషను గనుక బెంగుళూరు, చెన్నై వైపు నుంచి వచ్చే మన వారికి కూడా రైళ్ళకు కొదువ లేదు. కటకం నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. నాలుగు గంటల ప్రయాణం. పగటి రైలులో రెండవ తరగతి కూర్చునే సీట్లు చాలు. పరుపుల పెట్టెకు డబ్బు తగలెయ్యనక్కర లేదు.

బరంపురం మనకు పరాయి వూరు కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం యేర్పడేదాకా యిది చెన్నపట్నం రాజధానిలోనిది. రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరిగారు 1894లో పుట్టింది యిక్కడనే. పట్టు నేసే దేరా వారు యెన్నో తరాల క్రితం దక్షిణాది నుంచి వచ్చిన తెలుగువారు. బజారులో ఒడియాలో బేరం మొదలుపెట్టి తెలుగులో ముగించేవారు యిప్పటికీ కనబడతారు. అక్కడి నుంచి గోపాల్‌పూర్ పదహారు కిలోమీటర్లు. బస్సులున్నాయి, పంపకపు ఆటోలున్నాయి. పెద్దావిడ, పెట్టెలు వున్నందువల్ల మేము ఒక ఆటో మొత్తం మాట్లాడుకొన్నాము. స్టేషను గుమ్మంలో చెప్పే ధరకూ, నాలుగు అడుగులు బయటికి నడిచాక చెప్పే ధరకూ చాలా తేడా వుంటుందని గుర్తుంచుకోండి.

బస విషయంలో ఒక మాట. సముద్రం కనిపించే గది అని చెబితే నమ్మి మొదటిసారి వెయ్యి రూపాయలు బయానా పంపినవారు మాకు తెలుసు. ఆ గదిలో కిటికీ తీస్తే రెండు నీళ్ళ ట్యాంకుల సందులోంచి వేలెడంత సముద్రం కనిపించింది. అబద్ధం ఆడారని అనడానికి వీల్లేదు! గోపాల్‌పూర్ చిన్న వూరు. ఒడ్డుకు వెనక వీధిలోని వసతిగృహం నుంచి కూడా సముద్రానికి అయిదు నిమిషాల నడక. వెనక వీధిలో అద్దె తక్కువ, రాత్రి నిద్ర యెక్కువ. మేము కింది అంతస్తులో రెండు గదులు తీసుకొన్నాము. గదికి రాత్రికి 1,200 రూపాయలు. మెట్లు యెక్కనక్కర లేకపోవడం, పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి వుండటం, వేడినీళ్ళు పొద్దున్నే దొరకడం, పెద్దవారితో వెళ్ళేటప్పుడు యీ మూడూ ముందుగా అడిగి తెలుసుకోవాలి. సముద్రం కనబడుతుందా అనేది నాలుగో ప్రశ్న.

వూరిలో చూడవలసినవి యెన్ని అని లెక్కపెడితే నాలుగు వేళ్ళు చాలు. ఒడ్డు, పాత రేవు ఆనవాళ్ళు, దీపస్తంభం, జాలరిపేట. బర్మాకు బియ్యమూ, మనుషులూ ఓడలెక్కిన రేవు యిదేనంటే యిప్పుడు నమ్మశక్యం కాదు. యుద్ధకాలంలో రంగం ఓడలు ఆగిపోవడంతో వూరి దశ తిరిగిపోయింది. వర్తకుల గిడ్డంగులు, దొరల బంగళాలు కొన్ని మొండిగోడలై ఒడ్డున నిలిచివున్నాయి. ఇప్పటి పెద్ద రేవు కొద్ది కిలోమీటర్ల దూరాన ఆర్జిపల్లి దగ్గర వేరే కట్టారు. దీపస్తంభం పైకి సాధారణంగా సాయంత్రం పూట కొద్దిసేపే పోనిస్తారు. ముందుగా వేళ కనుక్కొని, మోకాళ్ళు బాగున్నవారు మాత్రమే యెక్కండి. పైనుంచి చూస్తే ఒకవైపు నీలం, మరొకవైపు సరుగుడు తోపులు, కొబ్బరి చెట్లు, వాటి మధ్య వూరు.

సముద్రస్నానం సంగతి గట్టిగా చెప్పాలి. ఈ ఒడ్డు పూరీకంటే ప్రశాంతంగా కనబడుతుంది. కనబడటం వేరు. నాలుగు అడుగులు వేసేసరికి లోతు చప్పున దిగిపోతుంది, వెనక్కు పోయే కెరటం కాళ్ళ కింది యిసుకను లాగేస్తుంది. పున్నమికీ, అమావాస్యకూ పోటు యింకా యెక్కువ. పిల్లలను మోకాలి లోతు దాటనీయవద్దు. ఈత వచ్చిన పెద్దలు కూడా అక్కడి జాలరి ఒకరిని పక్కన పెట్టుకొని దిగడం మర్యాద. అతనికిచ్చే రూపాయలు పొదుపు చేయదగినవి కావు.

ఆ జాలరులు మన భాషవారే. ఒడియావారు వారిని నోలియాలంటారు. గోపాల్‌పూర్ నుంచి పూరీ దాకా ఒడ్డు పొడుగునా వున్న పేటల్లో యిళ్ళలో మాట్లాడేది తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల క్రితం చేపల వెంట పైకి వచ్చినవారు. బడిలో ఒడియా, యింట్లో తెలుగు. మన పిల్లల పరిస్థితే. అందుచేత వారి పేటకు పోయినప్పుడు జంతుప్రదర్శనశాలకు పోయినట్లు ఫోటోలు తీస్తూ పోకండి. ముందు పలకరించండి. ఎండబెట్టిన చేపల వాసనకు ముక్కు మూసుకొనేవారు దూరంగానే వుండటం మంచిది. అది వారి వంటిల్లు, కొట్టు, ధాన్యపు గాదె అన్నీను.

రెండవ రోజు తెల్లవారుజామున అత్తయ్యను చెరొక రెక్కా పట్టుకొని ఒడ్డుకు తీసుకువెళ్ళాము. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వసతిగృహం వారిని అడిగి పట్టుకుపోయాము. ఇది చాలా ఉపయోగపడే సంగతి. యిసుకలో ముసలివారు కూర్చోగలరు గాని లేవలేరు. సూర్యోదయం అయింది. రాత్రి వేటకు పోయిన పడవలు ఒడ్డుకు వస్తున్నాయి. వలలోంచి చేపలు విడదీస్తున్న ఒక ఆమె మా మాటలు విని, "ఏ వూరమ్మా మీది?" అన్నది. "కటకం. పుట్టింది ఇచ్ఛాపురం దగ్గర" అన్నది అత్తయ్య. "అలాగైతే మనోళ్ళే. మావోళ్ళూ అటునుంచొచ్చినోళ్ళే" అని ఆమె నవ్వింది.

రంగం ఓడలు యెక్కడ ఆగేవో తెలుసా అని అత్తయ్య అడిగింది. ఆమెకు తెలియదు. పడవ నీడన కూర్చున్న తన మామగారిని కేక వేసింది. ఆయన వచ్చి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకొని సముద్రంలోకి చూపించాడు. "ఓడలు ఒడ్డుకి రావమ్మా. అల్లంత దూరంలో లంగరేసేవోరట. కెరటం దాటించడానికి మసూలా పడవలుండేవి. మేకులుండవు, తాడుతో కుట్టినవి. మా తాతలే జనాన్ని అందులో యెక్కించి ఓడ దాకా దాటించేవోరట" అన్నాడు.

అత్తయ్య చాలాసేపు అటే చూచింది. తరువాత, "అయితే మా నాన్నను దాటించింది మీవాళ్ళేనన్నమాట" అన్నది.

"అయ్యుంటారమ్మా" అన్నాడు ఆయన.

అంతకంటే ఆ వుదయం జరిగింది యేమీ లేదు. అత్తయ్య యెనిమిదింటిదాకా కుర్చీలోనే కూర్చున్నది. పిల్లలు పీతల వెంట పరుగెత్తారు. జాలరి ఆమె సంచిలో నాలుగు చేపలు వెయ్యబోతే మేము వండుకొనే వీలు లేదని చెప్పి మానిపించాము. అది యిప్పటికీ మాకు కొంచెం వెలితిగానే వున్నది. గదికి వస్తూ అత్తయ్య, "మూడు రోజులు కూర్చున్నాడంటే యేమో అనుకొన్నానురా. ఈ యెండలో, నీడ లేదు" అన్నది. మళ్ళీ ఆ విషయం యెత్తలేదు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం మాత్రం మామూలుకంటే బాగా చేసింది.

ఇప్పుడు లెక్క. ఆరుగురికి, మూడు పగళ్ళు, రెండు రాత్రులు. రానుపోను రైలు 1,140. గదులు 4,800. బరంపురం, గోపాల్‌పూర్ మధ్య ఆటోలు రానుపోను 1,000. భోజనాలు, ఫలహారాలు 5,400. బరంపురం బజారులో అప్పడాలు, ఊరగాయలు 900. దీపస్తంభం టిక్కెట్లు, కాఫీలు, పిల్లల గాలిపటాలు మొదలైనవి 560. మొత్తం 13,800 రూపాయలు, మనిషికి 2,300. అద్దెకారు మానడమే యిందులోని రహస్యం. కారు మానగలిగింది నాలుగు వూళ్ళు మానడం వల్ల. భోజనం దగ్గర మేము పొదుపు చెయ్యలేదు. ఉదయం టిఫిను, మధ్యాహ్నం అన్నం మంచి చోట తిని, రాత్రికి యింటి నుంచి తెచ్చుకొన్న అటుకులు, అరటిపండ్లు, సంక్రాంతి చకినాలు, జంతికలతో సరిపెట్టాము. బరంపురం పట్టు దుకాణాల ముందు ఆగితే మాత్రం పై లెక్క అంతా తలకిందులవుతుంది. మేము ఆగలేదని చెప్పము. ఆగి, కొనకుండా వచ్చాము. దానికి కొంత మనోనిబ్బరం కావాలి.

మూడవ రోజు ఉదయం గోపాల్‌పూర్ విడిచి, బరంపురంలో బజారు చూచుకొని, మధ్యాహ్నం రైలెక్కి దీపాలు పెట్టే వేళకు యిల్లు చేరాము. దారిలో రంభ స్టేషను దగ్గర చిలక నీళ్ళు మెరుస్తూ కనిపించాయి. దిగుదామా అని తమ్ముడు అన్నాడు. ఎవరమూ లేవలేదు. చిలక యెక్కడికీ పోదు. చలికాలంలో పక్షుల కోసం ఒకసారి దాని కోసమే వెడదాము.

మిగిలిన వూళ్ళు కూడా యిదే విధంగా విడివిడిగా పెట్టుకోవడం మేలని మా అభిప్రాయం. బారువ చూడదలచినవారు సోంపేటలో దిగి, ఒక రాత్రి ఆ చుట్టుపక్కల వుండి చూడండి. కళింగపట్నం వెళ్ళేవారు శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో, అంటే ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళంలో బస చేసుకొంటే అరసవల్లి సూర్యనారాయణమూర్తిని, శ్రీకూర్మనాథుని దర్శించి, వంశధార సముద్రంలో కలిసే చోటును, దారిలో శాలిహుండం బౌద్ధస్తూపాలను తొందరపడకుండా రెండు రోజులలో చూడవచ్చు. తమిళదేశంలోని మన వారికి తరంగంబాడి వున్నది. 1620లో డేనిష్‌వారు కట్టిన కోట సముద్రానికి యెదురుగా నిలిచివున్నది. మహారాష్ట్రలోని వారికి మురుడ్ జంజీరా, కన్నడదేశంలోని వారికి గోకర్ణం. ఏ వూరైనా సూత్రం ఒకటే. మన యింట్లో ఆ వూరు యెవరికి కావాలో అడగండి. వారు చూడవలసిన చోటికి పగటి వెలుతురులో, తొందర లేకుండా చేరేటట్లు ముందు యేర్పాటు చెయ్యండి. మిగిలినదంతా, డబ్బూ, వేళా మిగిలితే చూచుకోవచ్చు.

మేము తిరిగివచ్చిన నెలకు ఋషికుల్యకు తాబేళ్ళు వచ్చాయని పత్రికల్లో పడింది. పిల్లలు ఆ కాగితం తెచ్చి మా ముందు పెట్టి మాట్లాడకుండా నిలబడ్డారు. మరుసటి ప్రయాణానికి తాబేళ్ళని వ్రాసుకొన్నాము. ఈసారి కాగితం మీద వున్నది ఆ ఒక్క మాటే. దాని కింద అత్తయ్య తన చేత్తో, "కుర్చీ మరిచిపోకండి" అని వ్రాసింది.